విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయుల వృత్తి సముదాయం – తెలుగు బోధన వాఙ్మయం: బీబీపేట నేపథ్యంగా ఒక విమర్శ

వ్యాససంగ్రహం:
గ్రామీణ ప్రభుత్వ పాఠశాలల్లో సైన్స్, గణితం బోధించే ఉపాధ్యాయుల వృత్తివికాసాన్ని ఎక్కువగా పరిపాలన సమస్యగానో, శిక్షణ సమస్యగానో చూస్తూ వచ్చారు. అది వాఙ్మయ సమస్య కూడా అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. శిక్షణ కరదీపికల భాషను, బడి గురించి సమాజంలో ప్రచారంలో ఉన్న కథనాలను, తరగతిలో పదాల చుట్టూ రూపొందే బోధనాజ్ఞానాన్ని కామారెడ్డి జిల్లా బీబీపేట నేపథ్యంలో పరిశీలిస్తుంది. తోటివారి కోసం ఉపాధ్యాయులు రాసుకొనే రచన లేనిచోట సముదాయం సమావేశంగానే మిగిలిపోతుందని నిరూపించడం దీని లక్ష్యం.

కీలకపదాలు: విజ్ఞానశాస్త్ర బోధన, ఉపాధ్యాయ సముదాయం, కరదీపిక, పారిభాషిక పదం, ప్రాంతీయ భాష, పాఠశాల సముదాయ సమావేశం, బీబీపేట.

1. ఉపోద్ఘాతం:
సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం అనే నాలుగింటినీ కలిపి ‘స్టెమ్’ అని వ్యవహరించడం ఇటీవల విద్యారంగంలో స్థిరపడింది. 2020 జాతీయ విద్యావిధానం ప్రతి ఉపాధ్యాయుడూ ఏటా కనీసం 50 గంటలు వృత్తివికాస కార్యక్రమాల్లో పాల్గొనాలని సూచించింది. 2017లో దీక్ష వేదిక, 2019లో నిష్ఠ శిక్షణ మొదలయ్యాయి. గంటలు లెక్కకు వస్తున్నాయి, ధ్రువపత్రాలు జమ అవుతున్నాయి. అయితే ఆ గంటల తర్వాత ఒక ఉపాధ్యాయుడి అనుభవం మరో ఉపాధ్యాయుడికి ఏ రూపంలో చేరుతున్నదన్న ప్రశ్న మిగిలే ఉంది.

ఉపాధ్యాయుడికి విషయజ్ఞానం, బోధనపద్ధతుల జ్ఞానం వేరువేరుగా ఉంటే చాలదని, ఒక నిర్దిష్ట విషయాన్ని నిర్దిష్ట విద్యార్థులకు అర్థమయ్యేలా మలిచే జ్ఞానం మూడోది ఒకటి ఉందని లీ షుల్‌మన్ 1986లో ప్రతిపాదించాడు. ఈ మూడో జ్ఞానం పాఠ్యపుస్తకంలో దొరకదు. అది తరగతిలో పుడుతుంది. రాయకపోతే పుట్టిన చోటే పోతుంది. తెలుగులో దాన్ని నిలబెట్టే రచనారూపం ఎంతవరకు ఏర్పడిందన్నదే ఇక్కడి విమర్శకు విషయం. ఇది పాఠశాలల సర్వే కాదు. బీబీపేట వంటి చోట పనిచేసే సైన్స్ ఉపాధ్యాయుడిని చదువరి స్థానంలో నిలిపి, అతని చేతికి అందుతున్న వాఙ్మయాన్ని పరిశీలించడం మాత్రమే.

2. బీబీపేట – బడి, భవనం, ఒంటరితనం:
2016 అక్టోబరు 11న తెలంగాణలో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు నిజామాబాద్ నుంచి కామారెడ్డి జిల్లా విడివడింది. అంతకుముందు దోమకొండ మండలంలో ఉన్న బీబీపేట అదే సందర్భంలో మండల కేంద్రమైంది. పెద్ద చెరువు, దాని కింద వరిపొలాలు, పరిసర గ్రామాల్లో బీడీలు చుట్టే ఇళ్ళు, గల్ఫ్‌కు వలస వెళ్ళిన కుటుంబాలు – ఈ ప్రాంత జీవితాన్ని తీర్చిన అంశాలివి. ప్రభుత్వ బడికి వచ్చే పిల్లలు ఈ జీవితం నుంచే వస్తారు.

2021 నవంబరులో బీబీపేట మండలం పేరు రాష్ట్రమంతటా వినిపించింది. ఒక దాత సొంత ఖర్చుతో నిర్మించిన ప్రభుత్వ పాఠశాల భవనాన్ని అప్పుడు ప్రారంభించారు. 2015లో వచ్చిన ‘శ్రీమంతుడు’ సినిమా ఆ దాతకు ప్రేరణ అని పత్రికలు రాశాయి. ప్రభుత్వ బడికి మంచి భవనం సమకూరడం నిస్సందేహంగా మేలు. దాని విలువను తగ్గించే ఉద్దేశం ఈ వ్యాసానికి లేదు. కాని భవనం కంటికి కనిపిస్తుంది, ఫొటోకు అందుతుంది. ఆ భవనంలో పాఠం చెప్పే మనిషి ఎలా ఎదుగుతున్నాడన్నది అంత సులభంగా కనిపించదు.

గ్రామీణ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రానికి సాధారణంగా ఒకే ఉపాధ్యాయుడు ఉంటాడు. జీవశాస్త్రానికీ అంతే. ఉపాధ్యాయుల గదిలో పదిమంది సహోద్యోగులున్నా, ‘కాంతి వక్రీభవనం ఈసారి పిల్లలకు ఎక్కడ తేడా కొట్టింది’ అని మాట్లాడుకోవడానికి అదే సబ్జెక్టు మనిషి ఆ కప్పు కింద మరొకరుండరు. పట్టణ కళాశాల అధ్యాపకుడికి శాఖ ఉంటుంది. పల్లె బడిలోని సైన్స్ ఉపాధ్యాయుడికి శాఖ అంటే తానొక్కడే. అందువల్ల సముదాయం అతనికి అలంకారం కాదు, వృత్తిపరమైన అవసరం.

3. ఏకవీర కథనం:
బడి బాగుపడటం గురించి తెలుగు సమాజం చెప్పుకొనే కథల్లో ఒక సమాన లక్షణం ఉంది. కథకు కేంద్రం ఒక్కరే. సినిమాలో ఊరిని దత్తత తీసుకొనేది ఒక శ్రీమంతుడు. పత్రికల ప్రత్యేక కథనాల్లో బడిని మార్చేది ఒక ఆదర్శ ఉపాధ్యాయుడు. సెప్టెంబరు 5న సన్మానం అందుకొనేదీ వ్యక్తే.

తెలుగు ఉపాధ్యాయులు ఇష్టంగా చదివే విద్యాగ్రంథాల్లో గిజుభాయి బధేకా ‘దివాస్వప్న’కు ప్రత్యేక స్థానముంది. ‘పగటికల’గా తెలుగులోకి వచ్చిన ఈ రచనలో లక్ష్మీరాం అనే ఉపాధ్యాయుడు నాలుగో తరగతిలో ఏడాదిపాటు చేసిన ప్రయోగాన్ని తానే చెప్పుకొంటాడు. ఉత్తమపురుషలో, జరిగినది జరిగినట్లు, తప్పటడుగులతో సహా చెప్పడం ఆ రచన బలం. బోధనను కథనంగా చెప్పవచ్చని అది చూపింది. దాని పరిమితి కూడా అక్కడే ఉంది. అందులో తోటి ఉపాధ్యాయులు ఎక్కువగా ఎగతాళి చేసేవారుగా, సందేహించేవారుగా కనిపిస్తారు. ప్రయోగం విజయవంతమవుతుంది కాని దాన్ని పంచుకొనే సమూహం కథలో రూపుదిద్దుకోదు.

ఏకవీర కథనం ఉపాధ్యాయుడిని పొగుడుతూనే అతనికి ఒక అన్యాయం చేస్తుంది. మంచి బోధనను వ్యక్తి స్వభావంగా, త్యాగంగా, ప్రతిభగా చూపి, అది నేర్చుకోదగిన, నేర్పదగిన, విమర్శించదగిన వృత్తిజ్ఞానమన్న సంగతిని మరుగుపరుస్తుంది. ఆ ఉపాధ్యాయుడు బదిలీ అయిన మర్నాడు బడిలో ఆ జ్ఞానం ఏమీ మిగలదు. దండలు, ఫొటోలు మిగులుతాయి.

4. కరదీపిక భాష:
ఏకవీర కథనానికి రెండో కొసన ఉన్నది శిక్షణ కరదీపిక. దీన్ని సాహిత్య విమర్శకులు పాఠంగా చదవడం అరుదు. శైలి దృష్టితో చదివితే దాని స్వభావం స్పష్టమవుతుంది.

కరదీపికల్లో సాధారణంగా ప్రబలంగా ఉండే క్రియారూపం ప్రేరణార్థకంతో కూడిన విధ్యర్థకం. చేయించాలి, పరిశీలింపజేయాలి, చర్చింపజేయాలి, రాయించాలి – వాక్యాలు ఇలా సాగుతాయి. కర్త చాలాసార్లు లోపిస్తాడు. ఎవరు చేయించాలో చెప్పనవసరం లేదు, ఎందుకంటే వినేవాడు ఎవరో ముందే నిర్ణయమైంది. ఇంకా గమనించవలసింది కాలం. ఆ వాక్యాల్లో భూతకాలం దాదాపు కనిపించదు. ‘చేయించాను’, ‘కుదరలేదు’, ‘ఒక అమ్మాయి ఇలా అడిగింది’ వంటి వాక్యాలకు అక్కడ తావు లేదు. భూతకాలం లేని రచనలో జరిగిపోయిన తరగతి ఉండదు. ఇక ముందు జరగవలసిన ఆదర్శ తరగతి మాత్రమే ఉంటుంది. అందులో పిల్లలందరూ సరైన జవాబే చెబుతారు.

తెలుగులో విజ్ఞాన రచనకు సంప్రదాయం లేకపోలేదు. కొమర్రాజు లక్ష్మణరావు 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలిని నెలకొల్పిన నాటి నుంచి మహీధర నళినీమోహన్, కొడవటిగంటి రోహిణీప్రసాద్ వరకు బలమైన జనరంజక విజ్ఞాన రచన ఉంది. జన విజ్ఞాన వేదిక నడిపే ‘చెకుముకి’ మాసపత్రిక పల్లెబడుల దాకా చేరింది, దాని వెనుక ఎందరో ఉపాధ్యాయుల శ్రమ ఉంది. తెలుగు అకాడమి 1968 నుంచి పారిభాషిక పదావళులు, పాఠ్యగ్రంథాలు ప్రచురించింది. అయితే ఈ రచనల సంబోధ్యులు వేరు. జనరంజక రచన సామాన్య పాఠకుడితో, చెకుముకి పిల్లలతో, అకాడమి గ్రంథం విద్యార్థితో మాట్లాడతాయి. కరదీపిక ఉపాధ్యాయుడితోనే మాట్లాడుతుంది కాని పైనుంచి మాట్లాడుతుంది. ఉపాధ్యాయుడు ఉపాధ్యాయుడితో సమస్థాయిలో మాట్లాడే సైన్స్ బోధన రచన ఈ నాలుగింటి మధ్య ఖాళీగా ఉండిపోయింది.

ఆ ఖాళీకి ఒక చిన్న మినహాయింపు ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2011 విద్యాప్రణాళిక పరిధి పత్రం తర్వాత వచ్చిన బోధన ప్రణాళికల నమూనాలో చివరన ఉపాధ్యాయుని ప్రతిస్పందనలకు చోటిచ్చారు. తరగతి ఎలా నడిచిందో రాసుకోవలసిన స్థలం అది. భూతకాలానికి అనుమతి ఉన్న ఒకే ఒక గడి. కాని దాన్ని చదివేది ఎవరు? తనిఖీకి వచ్చిన అధికారి. పై అధికారి చదువుతాడని తెలిసి రాసే రాతలో వైఫల్యం చోటుచేసుకోదు. ‘విద్యార్థులు చురుకుగా పాల్గొన్నారు’ వంటి సురక్షిత వాక్యమే చేరుతుంది. సంబోధ్యుడు మారితే రచన స్వభావమే మారుతుందన్న సాహిత్య సూత్రానికి ఇంతకన్నా సన్నిహితమైన ఉదాహరణ దొరకదు.

5. ఇంకడం, ఇగరడం, ఆరడం:
రాయకపోవడం వల్ల పోతున్నదేమిటో ఒక ఉదాహరణతో చూడవచ్చు. నీరు ఆవిరి కావడాన్ని పాఠ్యపుస్తకం ‘బాష్పీభవనం’ అంటుంది. చెరువు కింది ఊరి పిల్లల నోట ఇదే విషయం చుట్టూ కనీసం మూడు మాటలున్నాయి. తడిబట్ట ఆరుతుంది. పొయ్యి మీద పులుసు ఇగురుతుంది. నేలలోకి నీరు ఇంకుతుంది. మొదటిది కాచకుండానే, రెండోది కాచగా జరిగే ఆవిరి. మూడోది ఆవిరే కాదు. కాని ఎండాకాలంలో ‘చెరువు ఇంకిపోయింది’ అన్నప్పుడు నేలలోకి దిగిన నీరు, ఆకాశానికి ఎక్కిన నీరు రెండూ ఆ ఒక్క క్రియలో కలిసిపోతాయి.

‘చెరువులో నీళ్ళు ఎటు పోయాయి’ అని ఉపాధ్యాయుడు అడిగితే ‘ఇంకినయ్’ అని పిల్లవాడు చెబుతాడు. ఆ జవాబు తప్పు అని కొట్టివేస్తే బోధన అక్కడితో ఆగిపోతుంది. ఆ మాటలో రెండు భౌతిక ప్రక్రియలున్నాయని గుర్తించి విడదీస్తే బాష్పీభవనం, భూగర్భజలం, నీటిచక్రం మూడు పాఠాలకూ అక్కడే దారి ఉంది. చెరకు రసం కాగి కాగి పాకమయ్యే దృశ్యం కామారెడ్డి ప్రాంతానికి తెలియనిది కాదు. ఇగరడమంటే నీరు పోయి కరిగిన పదార్థం చిక్కబడటమని చెప్పడానికి గాఢత పాఠంలో అంతకు మించిన ఉపకరణం అక్కరలేదు.

భౌతికశాస్త్రంలో ఇబ్బంది మరో రకంగా ఉంటుంది. బలం, శక్తి, సామర్థ్యం లోకవ్యవహారంలో దాదాపు పర్యాయపదాలు. పాఠంలో అవి మూడు వేర్వేరు రాశులు, వేర్వేరు ప్రమాణాలు. ‘పని’ మరీ ఇబ్బంది పెడుతుంది. వడ్లబస్తా భుజాన వేసుకొని సమతలంగా ఉన్న కల్లంలో ఒకే వేగంతో నడిచే హమాలీ, తాను బస్తాను పైకి నెడుతున్న బలం వల్ల పని ఏమీ చేయడం లేదని భౌతికశాస్త్రం అంటుంది. బలం పైకి, కదలిక అడ్డంగా ఉండటం దానికి కారణం. ఆ హమాలీ కొడుకు తరగతిలో కూర్చుని ఉంటాడు. ఆ వాక్యాన్ని అతని ముందు ఎలా పలకాలన్నది పారిభాషిక సమస్య మాత్రమే కాదు, మర్యాదకు సంబంధించినది కూడా. దీన్ని ప్రతి సైన్స్ ఉపాధ్యాయుడూ ఏటా ఒంటరిగా ఎదుర్కొంటాడు, ఏదో ఒక పరిష్కారం కనుగొంటాడు. ఆ పరిష్కారం పొరుగు మండలానికి చేరదు.

సముదాయం వల్ల మరో మేలు దిద్దుబాటు. చెరువుకట్ట అడుగున వెడల్పుగా, పైన ఇరుకుగా ఎందుకుంటుందన్న ప్రశ్నకు ‘లోతు పెరిగేకొద్దీ నీటి పీడనం పెరుగుతుంది కనుక’ అన్న జవాబు తరగతిలో స్థిరపడింది. అది నిజమే కాని సగం నిజం. మట్టి తనంత తాను జారకుండా నిలవడానికీ వాలు కావాలి, కట్టలోంచి ఊరే నీటిని తట్టుకోవడానికీ మందం కావాలి. తూము, మత్తడి, శిఖం వంటి మాటలతో పెరిగిన పిల్లలు ఈ పూర్తి జవాబును అందుకోగలరు. మిషన్ కాకతీయ 2015 మార్చి 12న ఇప్పటి కామారెడ్డి జిల్లాలోనే ఉన్న సదాశివనగర్‌లో మొదలై, పూడికతీత, కట్టల మరమ్మతు ఊరూరా కళ్ళముందుకు వచ్చింది. అది పాఠంగా మారాలంటే సగం జవాబును ప్రశ్నించే తోటి ఉపాధ్యాయుడు ఉండాలి. ఒంటరి తరగతిలో ఉపాధ్యాయుడి మాటకు అడ్డు లేదు, అందుకే అక్కడ పొరపాటుకూ అడ్డు లేదు.

6. తరగతి భాష మారిన ప్రతిసారీ:
ఈ నష్టం కామారెడ్డి ప్రాంతంలో మరింత తీవ్రం కావడానికి చారిత్రక కారణముంది. నిజాం రాజ్యంలో ఉన్నత విద్య ఉర్దూలో సాగింది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆధునిక శాస్త్రాలను ఉర్దూలో బోధించింది, అందుకు ప్రత్యేక అనువాద సంస్థనే నడిపింది. 1948 తర్వాత బడుల్లో తెలుగు క్రమంగా బోధనభాష అయింది. ఆ తెలుగు సైన్స్ పరిభాష సంస్కృత సమాసాల మీద నిలిచింది. 2008లో సక్సెస్ పాఠశాలలతో ఉన్నత పాఠశాలల్లో ఇంగ్లీషు మాధ్యమం విస్తరించింది. 2022–23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది తరగతుల వరకు ఇంగ్లీషు మాధ్యమం వచ్చింది, ఎదురెదురు పుటల్లో ఇంగ్లీషు, తెలుగు ఉండే ద్విభాషా పుస్తకాలు వచ్చాయి.

ఈ మార్పుల మంచిచెడ్డల చర్చ ఇక్కడ అప్రస్తుతం. బోధనభాష మారిన ప్రతిసారీ పాఠ్యపుస్తకం అనువాదమైంది, ఉపాధ్యాయుడి అనుభవం అనువాదం కాలేదు. రాసి ఉంటేనే కదా అనువదించడం! ఉర్దూలో సైన్స్ చెప్పిన తరం ఏ పోలికలతో చెప్పిందో తర్వాతి తరానికి అందలేదు. తెలుగులో చెప్పిన తరం పదవీ విరమణ చేస్తున్న ఈ రోజుల్లో అదే పునరావృతమవుతున్నది. ద్విభాషా పుస్తకంలో రెండు పుటలున్నాయి. ‘ఇంకినయ్’ అన్న మాటకు రెండింటిలోనూ చోటు లేదు. ఇంటి మాట, పుస్తకపు తెలుగు, ఇంగ్లీషు, సమీకరణం అనే నాలుగు భాషల మధ్య వంతెన వేసేది ఉపాధ్యాయుడే. మూడో పుట రాయవలసింది అతడే.

7. సముదాయానికి రాత తోడైన చోట్లు:
ఇది అసాధ్యమైన కోరిక కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1984లో బ్రిటిష్ సహాయంతో మొదలైన ప్రాథమిక విద్యా పథకం – ఏపీపెప్‌గా ప్రసిద్ధం – ఉపాధ్యాయ కేంద్రాలను నెలకొల్పింది. చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు అక్కడ కలుసుకొని కృత్యాలు తయారుచేసుకోవాలి. పథకం ఆరు సూత్రాల్లో మొదటిదే ఉపాధ్యాయుడు తానుగా అభ్యసన కృత్యాలు రూపొందించడం. స్థానిక పరిసరాలను వాడుకోవడం మరో సూత్రం. పథకం 1996లో ముగిసింది. ఆ ఆరు సూత్రాలు ఈనాడు ఎక్కువగా కనిపించేది డీఎస్సీ అభ్యర్థుల బిట్ల పుస్తకాల్లో. ఒకనాటి ఆచరణ ఇలా కంఠస్థం చేసే జాబితాగా కుదించుకుపోయింది. కేంద్రాల్లో ఏం చర్చించుకున్నారో, ఏ కృత్యం విఫలమైందో చెప్పే రచనలు విరివిగా నిలిచి ఉంటే ఇంత కుదింపు సాధ్యమయ్యేది కాదు.

మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ విజ్ఞాన బోధన కార్యక్రమం దీనికి పోలికగా నిలుస్తుంది. 1972లో 16 పల్లెబడుల్లో మొదలై, 1978లో జిల్లా అంతటికీ విస్తరించి, 1982 తర్వాత ఏకలవ్య సంస్థ ఆధ్వర్యంలో నడిచింది. ఉపాధ్యాయులు నెలనెలా కలుసుకొని తరగతిలో తేలని ప్రశ్నలను చర్చించేవారు. ఉపాధ్యాయుల రాతలకు బులెటిన్ ఉండేది. పిల్లలు ప్రశ్నలు రాసి పంపడానికి ‘సవాలీరామ్’ అనే కల్పిత పాత్రను సృష్టించారు. 2002లో ప్రభుత్వం కార్యక్రమాన్ని ఆపివేసింది. కాని 1994 నుంచి వస్తున్న ‘శైక్షణిక్ సందర్భ్’ పత్రిక రూపంలో, కార్యక్రమ అనుభవాలపై వచ్చిన రచనల రూపంలో దాని జ్ఞానం బతికి ఉంది. రెండు పథకాలూ ఆగిపోయాయి. రాత తోడుగా ఉన్నది ఆగిపోయాక కూడా చదవడానికి అందుతున్నది.

జపాన్‌లో ‘జుగ్యో కెన్‌క్యూ’ అనే పాఠ అధ్యయన పద్ధతిలో కొందరు ఉపాధ్యాయులు కలిసి ఒక పాఠాన్ని రూపొందిస్తారు. ఒకరు బోధిస్తే మిగిలినవారు పరిశీలిస్తారు. ఆపై విమర్శించి, సవరించి, నివేదిక రాస్తారు. అక్కడ విమర్శకు గురయ్యేది వ్యక్తి కాదు, పాఠం. ఏకవీర కథనానికి ఇది సరైన విరుగుడు.

తెలంగాణలో ఇందుకు కావలసిన చట్రం కొత్తగా కట్టనవసరం లేదు. కొఠారి కమిషన్ 1964–66లో సూచించిన పాఠశాల సముదాయ భావన మన దగ్గర స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలుగా అమలులో ఉంది. ఒకే సబ్జెక్టు ఉపాధ్యాయులు అక్కడ కలుస్తారు. అయితే సమావేశానికి వచ్చే పాఠం పైనుంచి వస్తుంది, వెళ్ళే నివేదిక పైకి వెళ్తుంది. పక్కకు వెళ్ళే కాగితం ఒక్కటీ ఉండదు. దీనికి ఉపాధ్యాయులను తప్పుపట్టడం సరికాదు. ఆన్‌లైన్ నమోదులు, సర్వేలు, ఎన్నికల విధుల మధ్య నలిగే మనిషిని మరో రికార్డు రాయమంటే అది మరో భారమే అవుతుంది. కాబట్టి అదనపు రాత కాదు, ఉన్న రాత దిశ మారడం ముఖ్యం. ప్రణాళిక చివర ఉన్న ప్రతిస్పందనల గడిని అధికారి సంతకం నుంచి విడిపించి, సమావేశంలో తోటివారు చదివే పుటగా మార్చితే చాలు.

8. ముగింపు:
విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయుల వృత్తివికాసం గంటల లెక్కతోనో, భవనాలతోనో తేలేది కాదు. భవనం కట్టే దాత, ప్రయోగం చేసే ఆదర్శ ఉపాధ్యాయుడు, ఆదేశించే కరదీపిక – ఈ మూడు కథనాల్లోనూ తోటి ఉపాధ్యాయుడికి పాత్ర లేదు. ఆ పాత్రకు మాట ఇచ్చే రచనారూపం విధ్యర్థకంలో కాక భూతకాలంలో, పైకి కాక పక్కకు, విజయాన్నే కాక వైఫల్యాన్నీ చెప్పగలిగేదై ఉండాలి.

ఇందులో తెలుగు శాఖల బాధ్యత తక్కువేమీ కాదు. పారిభాషిక పదాల పరిశోధన ఇంతవరకు ఎక్కువగా నిఘంటువు చుట్టూ తిరిగింది. తరగతిలో పిల్లవాడి మాట పారిభాషిక పదాన్ని ఎక్కడ తాకుతుందో, ఎక్కడ ఢీకొంటుందో నమోదు చేయడం భాషాశాస్త్ర, మాండలిక పరిశోధకులు సైన్స్ ఉపాధ్యాయులతో కలిసి చేయవలసిన పని. కరదీపికలను, బోధన ప్రణాళికలను వాఙ్మయంగా గుర్తించి చదవడం విమర్శకులు చేయవలసిన పని. తెలుగులో సైన్స్ చెప్పిన తరం ఇంకా బడుల్లోనే ఉంది. వారు పదవీ విరమణ చేసేలోగా ‘ఇంకినయ్’ అన్న జవాబుకు వారు తరగతిలో ఏం చెప్పారో రాయించుకోగలిగితే, ద్విభాషా పుస్తకానికి మూడో పుట దొరుకుతుంది.